సమాధానం: దియోదాతో ట్రాక్ సగానికే ఆగిపోతోందా?

బ్రెజిల్ సంగీతకారుడు యూమిర్ దియోదాతో చేసిన 'జరతూస్త్ర' ట్రాక్ మధ్యలోనే ఆగిపోతోందని, ఫైలు పాడైందేమోనని అడిగారు. మీ ఫైలు పాడవలేదు. మీరు దించుకున్న సంకలనంలో ఉన్నది రేడియో కోసం కుదించిన సింగిల్, సుమారు 5 నిమిషాలు. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ 'జరతూస్త్ర'ను ఫంక్ (లయ ప్రధానమైన నృత్య సంగీతం)గా మలిచిన అసలు ట్రాక్ 9 నిమిషాలు. సీటీఐ అనే జాజ్ రికార్డు కంపెనీ వారి 'ప్రెల్యూడ్' ఆల్బమ్‌లో మొదటిదే అది. కోత పడింది ప్రధానంగా సోలోలకే, అంటే ఒక్కో వాద్యం విడిగా ముందుకొచ్చి వాయించే భాగాలకే. ఎలక్ట్రిక్ పియానో, జాన్ ట్రొపేయా గిటార్ నెమ్మదిగా వేడెక్కేది అక్కడే, అది పోతే మిగిలేది ట్యూన్ మాత్రమే. కొనేముందు ట్రాక్ నిడివి చూడండి. 1973లో అమెరికా చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది ఆ పొట్టి రూపమే లెండి.

ఇక "ఆ తర్వాత ఏం చేశాడో దొరకట్లేదు" అన్నారు. ఆర్టిస్ట్ పేరుతో వెతికితే అంతా దొరకదు, ఎందుకంటే ఆయన పనిలో పెద్ద భాగం ఇతరుల ఆల్బమ్‌లలోనే ఉంది. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో యూమిర్ దియోదాతో పేజీ తెరిచి, క్రెడిట్స్‌లో అరేంజర్ (వాద్యాల కూర్పు చేసేవారు), ప్రొడ్యూసర్ విభాగాలు చూడండి. అంతకుముందే వచ్చిన బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ 'స్టోన్ ఫ్లవర్' (1970)తో మొదలుపెట్టి, అమెరికా ఫంక్ బృందం కూల్ అండ్ ది గ్యాంగ్ 'లేడీస్ నైట్' (1979), ఆపైన ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 'హోమోజెనిక్' (1997)లోని తీగవాద్యాలు వినండి. మూడూ ఒకే చేతివంటే నమ్మబుద్ధి కాదు.

జువావ్ దొనాతో అనే ఆయన వేరే పియానిస్టు, ఇద్దరినీ కలిపేయకండి. 1973లో ఇద్దరి పేర్లతో ఒక ఆల్బమ్ కూడా ఉండటంతో వెతుకులాటలో తికమక సహజం.