చదువు సందేహాలు: బైబిల్‌ని యూనివర్సిటీలో చదవడమంటే ఏమిటి?

మతాల గురించి యూనివర్సిటీలో పద్ధతిగా చదువుకోవచ్చని పోయిన నెల ఈ శీర్షికలో రెండు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రైస్తవ అధ్యయనం గురించే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్ర: నేను బీఏ హిస్టరీ ఆఖరి సంవత్సరం. నాన్నగారు పాస్టర్. పీజీలో క్రైస్తవ అధ్యయనం చెయ్యాలని ఉంది, నాన్నగారేమో బైబిల్ కాలేజీలో చేరమంటున్నారు. రెండూ ఒకటేనా? చదివితే ఉద్యోగం వస్తుందా?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జ: ఒకటి కాదమ్మా. అలాగని నాన్నగారి మాట తీసిపారెయ్యకండి. బైబిల్ కాలేజీ, అంటే సెమినరీ, పని సంఘాలకి పాస్టర్లని తయారుచెయ్యడం. ప్రసంగం ఎలా చెప్పాలి, చావు జరిగిన ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడాలి, సంఘంలో తగవులొస్తే ఎలా సర్దాలి, ఇవన్నీ అక్కడ చదువులో భాగమే. చేరడానికి మామూలుగా మీ సంఘం నుంచి సిఫారసు ఉత్తరం కూడా కావాలి. యూనివర్సిటీ శాఖలో మీ బాప్తిస్మం గురించి ఎవరూ అడగరు, మీరు నమ్మినా నమ్మకపోయినా ఏ మాటకైనా ఆధారం చూపించాలి, అంతే. మద్రాసు యూనివర్సిటీలో క్రిస్టియన్ స్టడీస్‌కి విడిగా శాఖ ఉంది. అదే యూనివర్సిటీలో వైష్ణవానికి, శైవ సిద్ధాంతానికి, జైనానికి, ఇస్లాంకి కూడా ఉన్నాయి, వాళ్ళందరితో కూర్చుని వాదించుకునే అవకాశం చిన్నదేం కాదు. మైసూరు యూనివర్సిటీలోనూ క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది.

ఈ రెండు దారులకీ మధ్యలో శ్రీరాంపూర్ ఉంది. బెంగాల్లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి 1818లో పెట్టిన కాలేజీ అది. అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది కాబట్టి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారాన్ని రాసిచ్చాడు, 1918లో బెంగాల్ ప్రభుత్వ చట్టంతో ఆ డిగ్రీల వ్యవహారం చూసే సెనేట్ ఏర్పడింది. ఇవాళ దేశంలో చాలా సెమినరీలు ఈ సెనేట్ కిందే దైవశాస్త్రంలో బీడీ (డిగ్రీ), ఎంటీహెచ్ (పీజీ) ఇస్తున్నాయి. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ కూడా అందులోదే. 1964లో వేరువేరు మిషన్ల సెమినరీలు కలిసి రాజమండ్రిలో అది మొదలైంది, తర్వాత హైదరాబాద్‌కి మారింది. అక్కడి బీడీలో హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర, ఇతర మతాలు అన్నీ గట్టిగానే చెబుతారు. కాబట్టి నాన్నగారిని అడగాల్సింది ఒక్కటే, ఏ బైబిల్ కాలేజీ అని. బోర్డు మీద థియాలజీ (దైవశాస్త్రం) అని రాసుకున్న ప్రతిచోటా ఇచ్చే డిగ్రీ చెల్లుతుందని కాదు. అది ఇచ్చేది ఎవరు, మీరు తర్వాత పీహెచ్‌డీ చెయ్యాలనుకునే యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందా అన్నది ఫీజు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. నేరుగా వచ్చేవి తక్కువ. లెక్చరర్ ఉద్యోగాలకి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం ఒక సబ్జెక్టుగా ఉంది, రాయొచ్చు, కానీ దానికి తగ్గ పోస్టులు దేశం మొత్తమ్మీదా కొద్దే. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది ఉంటే హిస్టరీలోనే ఎంఏ చేసి, పరిశోధనకి క్రైస్తవ చరిత్ర తీసుకోండి. నెట్ హిస్టరీలో రాసుకోవచ్చు, మీ ఇష్టమూ వదులుకోనక్కర్లేదు.

పైగా మీది ఒంగోలు! 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మీరు చిన్నప్పట్నించీ వినే ఉంటారు. యూనివర్సిటీలో ఆ అంకె దగ్గర ఆపనివ్వరు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు కదా, వాళ్ళు ఏం ఆశించి వచ్చారు? దొర కంటే ముందే ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళ గొంతు మిషన్ రిపోర్టుల్లో ఎంత మిగిలింది? ఆ మిషన్ కాగితాలు అమెరికాలో అట్లాంటాలోని బాప్టిస్టు చారిత్రక సంఘంలో ఉన్నాయి. మీ ఊళ్ళ పాటలు, కుటుంబాల్లో చెప్పుకునే కథలు మాత్రం మీ దగ్గరే ఉన్నాయి, అవి రాసుకోవడానికి ఏ అడ్మిషనూ అక్కర్లేదు, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.

ప్ర: మా అబ్బాయి బీడీ రెండో సంవత్సరం. సెలవులకి వచ్చినప్పుడు మార్కు సువార్త చివర పన్నెండు వచనాలు పాత ప్రతుల్లో లేవన్నాడు. అప్పట్నించీ నాకు ఒకటే టెన్షన్. విశ్వాసం పోగొట్టుకోవడానికా వీణ్ణి పంపించింది?
– ఒక తల్లి, రాజమండ్రి

జ: అమ్మా, అబ్బాయి చెప్పింది నిజమే, అది కొత్తగా ఎవరో పుట్టించిన మాటా కాదు. మనకి దొరికిన గ్రీకు బైబిళ్ళలో అన్నిటికంటే పాతవి, దాదాపు పూర్తిగా మిగిలినవి రెండు, నాలుగో శతాబ్దానివి. ఒకటి వాటికన్‌లో ఉంది, రెండోది సీనాయి కొండ దగ్గరి మఠంలో దొరికింది, దాని పేజీల్లో చాలా భాగం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఈ రెండింటిలోనూ మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది, యేసు సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న చోట.

వాటికన్ ప్రతిలో ఆ పేజీ ఒక్కసారి చూడండి. పేజీకి మూడు వరసలుగా రాసుకుంటూ వెళ్ళిన లేఖకుడు, ఒక పుస్తకం అయిపోతే మామూలుగా పక్క వరసలోనే ఇంకోటి మొదలుపెట్టేవాడు. మార్కు అయిపోయిన చోట మాత్రం ఒక వరస మొత్తం ఖాళీగా వదిలేసి లూకాని తర్వాతి పేజీలో ఎత్తుకున్నాడు. ఇంకా కొన్ని వచనాలున్నాయని ఆయనకి తెలుసా? తెలిసే చోటు ఉంచాడా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఈ ఆధారాలు ఒకవైపే మొగ్గుతున్నాయనుకునేరు, క్రీ.శ. 180 ప్రాంతంలోనే ఇరేనియస్ అనే బిషప్పు 19వ వచనాన్ని మార్కు రాసిందనే ఉదహరించాడు. అంటే ఆ ముగింపు కూడా చాలా పాతదే. నాలుగో శతాబ్దంలో యుసేబియస్ ఇవన్నీ చూసి, మంచి ప్రతుల్లో సువార్త 8వ వచనంతో ఆగుతుందని రాశాడు. ఆయనా బిషప్పే, దీనివల్ల ఆయన విశ్వాసం ఏమీ పోలేదు.

ఇలాంటివి మొదటిసారి విన్నప్పుడు కుర్రాళ్ళు తడబడతారు, అది నేను కాదనను. కొందరు కొన్నాళ్ళు ప్రార్థన మానేస్తారు, కొందరు చదువే మానేస్తారు. మీవాడు ఇంటికొచ్చి మీతో చెప్పాడు చూడండి, నాకు అదే మంచి కబురు. చెప్పకుండా లోపల దాచుకుని, పాస్టర్ అయ్యాక ప్రతి ఆదివారం ఒకటి నమ్ముతూ ఇంకోటి బోధించే మనుషుల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. వాణ్ణి తిట్టకండి. ఆ పేజీ చూపించరా అని పక్కన కూర్చోండి, ఆ పాత ప్రతులు ఫోన్‌లోనే చూడొచ్చు.

ప్ర: నేను తెలుగు ఎంఏ. మేము హిందువులం. తెలుగు క్రైస్తవ సాహిత్యం మీద పీహెచ్‌డీ చేద్దామంటే స్నేహితులు "నీకెందుకురా అది" అంటున్నారు. బయటివాణ్ణి కదా, నన్ను రానిస్తారా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జ: రానివ్వడమేమిటి బాబూ, మీలాంటివాళ్ళ కోసమే ఆ పని పడి ఉంది. మంగళగిరి ఆనందకవి అని 18వ శతాబ్దపు కవి, క్రీస్తు కథని వేదాంత రసాయనం అనే పద్యకావ్యంగా రాశాడు. దాన్ని సరిగ్గా చదవాలంటే ఛందస్సు, కావ్యభాష వచ్చి ఉండాలి. థియాలజీ చదివినవాళ్ళలో చాలామందికి అవి రావు. తెలుగు చదివినవాళ్ళకి అవి వచ్చు గానీ సువార్తలు తెలియవు, ఏ ఘట్టం మత్తయిది, ఏది యోహానుది అన్నది పట్టుకోలేరు. ఇలా ఇద్దరి మధ్యా ఎంతో సాహిత్యం దిక్కులేకుండా ఉండిపోయింది. నాకు మనసు మండేది ఇక్కడే.

పురుషోత్తమ చౌదరి కీర్తనలు తెలుగు సంఘాల్లో ఇవాళ్టికీ పాడతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి సంపాదించి తెరవండి, పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాల్లో ఎన్నిటిని ఇప్పుడు అలాగే పాడుతున్నారు, ఎక్కడ కీబోర్డు వచ్చి వరస మారింది, దీనిమీదే ఒక థీసిస్ రాయొచ్చు. జాషువా క్రీస్తు చరిత్రకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఆయన గబ్బిలాన్ని క్లాసులో చెప్పినంతగా దాన్ని చెప్పరు. ఇంకా వెనక్కి వెళ్తే బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండి బైబిల్‌ని తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చు కాలేదు, రాతప్రతి జర్మనీలోని హాలే ఊళ్ళో ఉంది. అదే ఊళ్ళో 1746, 47 సంవత్సరాల్లో ఆయన చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, తెలుగు అచ్చు చరిత్ర అక్కణ్ణించే మొదలుపెట్టాలి. వాటి మీద పని చెయ్యాలంటే జర్మన్ నేర్చుకోక తప్పదు, మిగతావాటికి అవసరం లేదు.

గైడ్ దొరకడం మాత్రం కష్టమే. తెలుగు శాఖలో గైడ్‌ని పెట్టుకుని, సెమినరీలో చెప్పే ఒకరిని అడిగి నెలకోసారైనా కలవండి. ఆదివారాలు ఏదైనా పాత సంఘానికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరూ కాదనరు, చాలాచోట్ల ఆరాధన అయ్యాక టీ కూడా ఇచ్చి పంపిస్తారు.

ప్ర: సెమినరీల్లో దళిత థియాలజీ అని చెబుతున్నారట. ఇది దేవుని గురించిన చదువా, రాజకీయమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జ: దేవుని గురించిన చదువే. 1981లో అరవింద్ నిర్మల్ అనే క్రైస్తవ పండితుడు బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో చేసిన ఒక ప్రసంగంతో ఈ ఆలోచనకి ఊపు వచ్చింది. అప్పటిదాకా భారతీయ క్రైస్తవ చింతన అంటే క్రీస్తుని అద్వైతంతోనో భక్తితోనో పోల్చి రాయడమే ఎక్కువ, అది అగ్రవర్ణాల నుంచి వచ్చినవాళ్ళ ప్రశ్నలకి జవాబు. సంఘాల్లో కూర్చున్నవాళ్ళేమో ఎక్కువమంది దళితులు. మన తెలుగు సంఘాలనే చూడండి, మాల మాదిగ పల్లెలు లేకపోతే మనకి సంఘ చరిత్రే లేదు. ఊరి బయట నిలబెట్టిన మనిషికి, ఊరి బయట సిలువ వేసిన క్రీస్తు ఏమవుతాడు అన్నది వాళ్ళ ప్రశ్న. దాన్ని పక్కనపెట్టి త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న సిద్ధాంతం) గురించి ఎంత మాట్లాడినా అది సగం చదువే అని నేననుకుంటాను.

ఇందులో చట్టం కూడా వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. ఆ సర్టిఫికెట్ కోసం కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతుకుతున్న కుటుంబాలు మీ చుట్టుపక్కలే ఉంటాయి. ఆ ఇంటి పిల్లవాడు క్లాసులో కూర్చుంటే లెక్చరర్ ఈ సంగతి ఎత్తకుండా ఎలా ఉంటాడు?

ప్ర: ఉద్యోగం మానకుండా, ఎక్కడా చేరకుండా, ఈ చదువు నేర్చుకునే దారుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జ: ఉంది, ఫీజు కూడా లేదు. యేల్ యూనివర్సిటీ తన క్లాసులు కొన్ని వీడియోలుగా ఉచితంగా పెట్టింది. హీబ్రూ బైబిల్ (మనం పాత నిబంధన అనేది) మీద క్రిస్టీన్ హేస్, కొత్త నిబంధన మీద డేల్ మార్టిన్ చెప్పినవి వినండి. ముందు హేస్‌వి, ఆ తర్వాతే మార్టిన్‌వి. పాత నిబంధన తెలియకుండా సువార్తలు సగమే అర్థమవుతాయి. ప్రతి పాఠానికి ముందు ఆ భాగాన్ని తెలుగు బైబిల్లో చదువుకుని కూర్చోండి, లేకపోతే వింటున్నప్పుడు బాగుంటుంది గానీ మర్నాటికి ఏదీ గుర్తుండదు. మీ ఊళ్ళోనే సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వాళ్ళ పెర్కిన్స్ స్కూల్ ఆఫ్ థియాలజీ ఉంది, అక్కడి బ్రిడ్‌వెల్ లైబ్రరీకి పాత బైబిళ్ళ విషయంలో మంచి పేరు. బయటివాళ్ళని ఏ రోజుల్లో రానిస్తారో ఫోన్ చేసి కనుక్కోండి.