223 నంబరు ఏమైంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మొన్న మంగళవారం చేరింది. హెన్‌స్లో, ఆయన శిష్యుడు, జీవపరిణామం సంగతి చెప్పిన డార్విన్ రాసుకున్న ఉత్తరాల మీద ఒక తెలుగమ్మాయి కథ రాయడం నాకు సంతోషంగా ఉంది. భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను. నాలుగో పేజీలో నాకు కోపం వచ్చింది. రెండు రోజులైనా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ పేజీలో నీ హెన్‌స్లో తెల్లగడ్డం నిమురుకుంటూ, "నాయనా, లోకం నీ పేరు చిరకాలం చెప్పుకుంటుంది" అని శిష్యుడికి రాస్తాడు. 1833 జనవరి ఉత్తరం అన్నావు. అప్పటికి హెన్‌స్లోకి 36 ఏళ్ళమ్మా. డార్విన్‌కి 23. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం చెప్పుకుంటున్న సంసారి ఆయన. లోకం చుట్టి రావడానికి బయలుదేరుతున్న బీగిల్ ఓడలో తనే వెళ్దామా అనుకుని, భార్య మొహం చిన్నబోవడం చూసి మానుకున్నాడు. డార్విన్‌ని వెళ్ళమంటూ 1831 ఆగస్టు 24న రాసిన ఉత్తరంలో ఏమన్నాడో తెలుసా? నువ్వు పూర్తిగా తయారైన ప్రకృతి శాస్త్రవేత్తవని కాదు. పోగుచెయ్యడానికి, గమనించడానికి, రాసిపెట్టుకోదగ్గది రాసుకోవడానికి సరిపోతావు, అన్నాడు. అంతే. జోస్యాలేం చెప్పలేదు.

నేను నలభై ఏళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాను, నీకూ చెబుతున్నాను. ఉత్తరం రాసేవాడికి రేపు తెలియదు. చేతిలో ఉన్న వస్తువు తెలుసు, నిన్న పడ్డ బాధ తెలుసు. వాడి నోట్లో రేపటి కీర్తి పెట్టావా, ఆ కాగితం ఉత్తరం కాదు, శిలాఫలకం.

నిజంగా ఆ జనవరిలో హెన్‌స్లో ఏం రాశాడో చూడు. దక్షిణ అమెరికా నుంచి డార్విన్ పంపిన పెట్టెలు విప్పాడు. ఒక పీతకి కాళ్ళన్నీ ఊడిపోయాయి. ఒక పిట్టకి తోక ఈకలు నలిగాయి. రెండు ఎలుకలకి కాస్త బూజు పట్టింది. మొక్కల ముక్కలు పంపొద్దు, వేరూ పువ్వూ ఆకూ అన్నీ ఉండేలా పంపు, పెద్ద ఆకులైతే మడిచి కాగితంలో పట్టేలా పెట్టు అని చెప్పాడు. ఆ పైన, ఇంతకీ నువ్వు 223 నంబరు వేసి పంపింది ఏమిటయ్యా, విద్యుత్తు పేలాక మిగిలిన మసి ముద్దలా ఉంది, ఏదో గొప్ప వింతే అయ్యుంటుందిలే, అన్నాడు.

ఆ మసి ముద్ద నీ కథలో ఎక్కడమ్మా? దాన్ని దీపం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్న ఆ మనిషి ఎక్కడ? శిష్యుడి మీద ప్రేమ అంతా ఆ చూపులోనే ఉంది. తెల్లగడ్డంలో లేదు.

ఇంకొకటి. నీ కథలో గురువు అడగ్గానే శిష్యుడు జవాబిస్తాడు, వాట్సాప్‌లో లాగా. ఆ జనవరి ఉత్తరం డార్విన్‌కి ఎప్పుడు అందిందో తెలుసా? 1834 జులైలో, చిలీలోని వాల్పరైసోలో. ఏడాదిన్నర! దానికంటే దాదాపు ఏడాది తర్వాత రాసిన మరో ఉత్తరం, అదీ ఒకే పెట్టెలో వచ్చాయి. ఏ ఖర్మ వల్ల ఇది ముందే రాలేదో, నాకు అన్నిటికంటే కావలసిన కబురు ఇందులోనే ఉంది, ఎలా కట్టి పంపాలో, వేళ్ళతో సహా మొక్కలు ఎలా తియ్యాలో అని డార్విన్ జవాబులో బాధపడ్డాడు. ఎన్నో నెలలు వాడు పంపుతూనే ఉన్నాడు, చేరినవి పనికొస్తాయో లేదో తెలియకుండా. నీకు కథ అక్కడ ఉంది. దాన్ని దాటేసి పోయావు.

కోపం ఎందుకంటే, ఈ తప్పు నేను చేశాను. బీయస్సీలో మేం హెర్బేరియం షీట్లు చెయ్యాలి, అంటే మొక్కల్ని పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి అట్టకి అంటించాలి. నేను తంగేడు కొమ్మ తెచ్చాను, ఆకులతో, పువ్వు లేకుండా. మా లెక్చరర్ ఒక్క మాట అనలేదు. షీటు వెనక్కి తిప్పి ఇచ్చారు. మళ్ళీ పువ్వుతో తెచ్చేసరికి వానాకాలం. రోజూ పాత పేపర్లు మార్చాలి, మార్చకపోతే బూజు. ఒక ఆదివారం నేను ఊరెళ్తే ఆయనే నా కొమ్మకి పేపర్లు మార్చారు. తిరిగొచ్చి చూస్తే, పాత పేపర్లు నాలుగు మడతలు పెట్టి పక్కన ఉన్నాయి, తడితడిగా.

దాని మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. సంపాదకుడు ఆ తడి పేపర్ల పేరా తీసేశారు, పాఠకులకి బోరట. చివర్లో నేను మొహమాటానికి పెట్టిన కాళ్ళకి దణ్ణం మాత్రం ఉంచారు. కథ పేరు కూడా మార్చారు. మెచ్చుకుంటూ చాలా కార్డులొచ్చాయి. నేను ఒక్కదానికీ జవాబివ్వలేకపోయాను. ఇప్పటికీ పత్రికల్లో అదే వరస, గురువు అనగానే కన్నీళ్ళు కావాలి, మోటివేషన్ కావాలి. వాళ్ళ కోసం రాయకు.

డార్విన్ ఉత్తరాల్లో ముక్కల్ని హెన్‌స్లో 1835 నవంబరులో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీలో చదివి, చిన్న పుస్తకంగా అచ్చేయించాడు. శిష్యుణ్ణి అడగలేదు. అది తెలిసి డార్విన్ కంగారుపడ్డాడు, ఇంటికి రాసినట్టే అజాగ్రత్తగా రాశాను, అలాంటివి అచ్చెయ్యడమా అని చెల్లెలికి రాశాడు. ఓడ దిగేనాటికి శాస్త్రజ్ఞుల్లో పేరు తెచ్చిపెట్టినవాటిలో ఆ రాతలూ ఉన్నాయి.

తెలుగు పాఠకుడికి ఇదంతా ఎందుకంటారేమో అని భయపడ్డావు. నేను వారానికి రెండుసార్లు జగన్నాథపురం వంతెన దాటతాను. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ దగ్గర చదువుకున్న కోనిగ్ 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడి వచ్చి, గురువుకి ఇక్కడి మొక్కలు పంపి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న కోనిగీ ఆయన పేరే. మా దొడ్లో చెట్టు ఉంది, పోపులో వేసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. భయం వద్దు.

కథ మళ్ళీ రాయి. వాల్పరైసోలో పెట్టె విప్పే చోట మొదలుపెట్టి చూడు. జనవరి ఉత్తరం ఏడాదిన్నర పాతదని తేదీ చూస్తేనే తెలుస్తుంది వాడికి, ఆ తేదీ వాడి కళ్ళతో చూపించు. ఈసారి కవరు మీద పిన్‌కోడ్ వెయ్యి. అది లేక మా పోస్ట్‌మ్యాన్ రెండు వీధులు తిరిగాడట, ఎండలో.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు