మూత్రం పరీక్షకు రెండేళ్ల చదువా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేస్తానంటోంది. ‘మూత్రం సీసాలు పట్టుకు తిరిగే పనికి రెండేళ్లు చదవాలా? ఇప్పుడన్నీ మిషన్లే చేస్తున్నాయి కదా’ అని మావాళ్లు అంటున్నారు. పంపమంటారా? - ఓ తల్లి, సోంపేట

జవాబు: అమ్మా, తనకు ఆ పని మీద ఇష్టం ఉంటే తప్పకుండా పంపండి. మీవాళ్ల మాటకు మాత్రం జవాబు చెప్పి తీరాలి. ఆ మాట విని సిగ్గుపడి వెనక్కి తగ్గిన పిల్లలను చూశాను.

ఒకసారి మా నాన్నగారికి డాక్టరు సీయూఈ, అంటే పూర్తి మూత్ర పరీక్ష, రాశారు. పొద్దున ఆరింటికి పట్టిన శాంపిల్‌ను నేను తీరిగ్గా పదకొండింటికి ల్యాబులో ఇచ్చాను. కాసేపటికి టెక్నీషియన్ అమ్మాయి బయటికొచ్చి, ‘సార్, ఇది ఎన్నింటికి పట్టారు?’ అని అడిగింది. స్లైడు నిండా బ్యాక్టీరియా ఉంది, పస్ సెల్స్ (చీము కణాలు) మాత్రం ఒకటీ రెండే ఉన్నాయట. నిజంగా ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా రెండూ కలిసి కనిపించాలి. మూత్రం బయట గంటల తరబడి ఉంటే బ్యాక్టీరియా పెరుగుతుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) మారుతుంది, షుగర్ తగ్గిపోతుంది. అందుకే రెండు గంటల్లోపు చూసేయాలి. మళ్లీ పట్టించి చూస్తే అంతా శుభ్రంగా ఉంది. ఆ అమ్మాయి ఆ ఒక్క మాట అడక్కపోతే నాన్నగారు అక్కర్లేని యాంటీబయాటిక్ మింగేవారేమో!

మూత్రంలో స్ట్రిప్ (రంగు మారే పరీక్ష పట్టీ) ముంచి రంగు చూడటం ఎవరైనా నేర్చుకుంటారు. ఆ రంగు ఎందుకొచ్చిందో తెలియడమే చదువు. రక్తంలో షుగర్ డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి దిగుతుంది. కానీ డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకు రక్తంలో షుగర్ అదుపులో ఉన్నా మూత్రం రిపోర్టులో షుగర్‌కు ప్లస్సులు పడతాయి, షుగర్‌ను మూత్రంలోకి పంపడమే ఆ మందు పని. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకుంటే స్ట్రిప్ మీద షుగర్, రక్తం ఉన్నా కనిపించకపోవచ్చు. ఆడవాళ్లకు నెలసరి రోజుల్లో రక్తం పాజిటివ్ వస్తుంది. మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే మేరలో పస్ సెల్స్ 5 దాకా ఉంటే సాధారణంగా కంగారు లేదు. ఎపిథీలియల్ సెల్స్ (పైపొర నుంచి రాలే కణాలు) మరీ ఎక్కువుంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదని అనుమానించాలి. ఎర్ర రక్తకణాలు గొట్టంలా అతుక్కుని కాస్ట్‌గా కనిపిస్తే మాత్రం, కిడ్నీలో వడపోత జరిగే చోటే దెబ్బ తగిలి ఉండవచ్చు. పెద్ద ల్యాబుల్లో మిషన్లున్న మాట నిజమే. కానీ తేడాగా వచ్చిన శాంపిల్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి చూడాల్సింది మనిషే. జబ్బు ఏమిటో తేల్చేది డాక్టరు. ఆయన చేతికి నమ్మదగ్గ రిపోర్టు ఇవ్వడం మీ అమ్మాయి బాధ్యత.

మీది ఉద్దానం కాబట్టి ఇంకో మాట. అక్కడి కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ‘ఆల్బుమిన్ నిల్’ (ఆ ప్రొటీన్ లేదు) అని చూసి ధీమాగా ఉండకూడదు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా రక్తంలో చూడాలి. ఈ సంగతి తెలిసిన టెక్నీషియన్లు మీ పల్లెలకు ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక చదువు విషయం. డీఎంఎల్‌టీ రెండేళ్లు. అయ్యాక రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, అది దాచను. ఇంట్లో వీలుంటే బీఎస్సీ ఎంఎల్‌టీ మేలు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు పడుతుంది కానీ పెద్ద ల్యాబులకు, పై చదువులకు దారి ఉంటుంది.

ఏది ఎంచుకున్నా ఫీజు కట్టే ముందు కాలేజీ ల్యాబులోకి మీరిద్దరూ వెళ్లండి. రోజుకు ఎన్ని శాంపిల్స్ వస్తాయి, ఒక్కో మైక్రోస్కోపు దగ్గర ఎంతమంది పిల్లలు కూర్చుంటారు అని సీనియర్లను అడగండి. సొంత ఆసుపత్రి గానీ, రోగులు బాగా వచ్చే ఆసుపత్రితో ఒప్పందం గానీ లేని చోట చేర్చకండి.