కాయ పలికిందా?

విజయవాడ,
ఫాల్గుణ మాసం

చిరంజీవికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. గుంటూరు మిర్చి యార్డుని బాగా దగ్గర్నుంచి చూశావు. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసి మోసి హమాలీ మెడ మీది కండువా ఎర్రబారడం నాకు కళ్ళకి కట్టింది. చెవిన మాత్రం ఏమీ పడలేదు.

ఎనిమిది పేజీల్లో ధడేలు పదకొండుసార్లు వచ్చింది. తలుపు ధడేలుమంది, మూట ధడేలుమంది, ఆఖరికి హీరో గుండె కూడా ధడేలుమంది. గుండె ఝల్లుమంటుందోయ్, గుభేలుమంటుంది, దడదడలాడుతుంది. ధడేలుమంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇక నీ రైలు ఛుక్ ఛుక్‌మంటూ వచ్చింది. బొగ్గు ఇంజన్లు నువ్వు పుట్టకముందే పోయాయి. ఆ చప్పుడు నువ్వు విన్నది కాదు, ఒకటో తరగతిలో అప్పజెప్పింది. ఈసారి ఇటు వచ్చేటప్పుడు కృష్ణ వంతెన మీద కిటికీ పక్కన కూచో. అప్పటిదాకా టకటకమంటూ వచ్చిన బండి ఇనప వంతెన ఎక్కగానే గొంతు మారుస్తుంది, పక్కవాడి మాట వినబడదు. ఆ గొంతుకి ఏ మాట అతుకుతుందో నేను చెప్పను, నువ్వే వెతుక్కో.

అలాగని చప్పుడుని ఉన్నదున్నట్టు దించేస్తే సరిపోతుందనుకోకు. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. నేను నాటకాలు చంకన పెట్టుకుని అక్కడికి తిరిగే రోజులకి దానికి నడివయసు వచ్చింది. ఒక నాటకంలో నాకు వాన కావాలి. నిజం వానే కావాలని పట్టుబట్టి, మా డాబా మీద పడ్డ వానని టేపులో పట్టి తీసుకెళ్ళాను. స్టూడియోలో వేస్తే అందరూ నవ్వారు. అచ్చం ఎవరో అప్పడాలు వేయిస్తున్నట్టుంది. చప్పుళ్ళు చేసే పెద్దాయన చేటలో జొన్నలు పోసి అటూ ఇటూ దొర్లించాడు. అంతే, జోరున వాన. మాట కూడా ఆ చేటలో జొన్నల్లాంటిదే.

లేకపోతే కోడి ఊరికో రకంగా ఎందుకు కూస్తుంది? మన కోడిది కొక్కొరోకో, ఫ్రెంచి కోడిది కొకొరికో, జర్మనీలో కికెరికీ, జపాన్లో కొకెకొక్కో. ఇంగ్లీషు కోడి మరీ విచిత్రం, కాక్-ఎ-డూడుల్-డూ అంటుంది. కుక్క మనకి భౌ భౌ, రష్యావాళ్ళకి గావ్ గావ్, జపాన్‌వాళ్ళకి వన్ వన్. జంతువు ఒకటే, దాన్ని పలికే నాలుకలు వేరు. ఏ భాషకి ఆ భాష తన అక్షరాల్లో ఇమిడినంత మేరకే వింటుంది.

కాకి మీద పంచాయితీ మరీ పాతది. కాకము అన్న పేరు దాని అరుపులోంచే పుట్టిందనీ, పిట్టల పేర్లలో ఇలాంటివి మెండనీ వేదంలో మాటల పుట్టుక చెప్పే నిరుక్తంలో యాస్కుడు అన్నాడు. అదేం కాదు పొమ్మన్న ఔపమన్యవుడనే మరో పండితుడి మాట కూడా ఆయనే రాసిపెట్టాడు. పాణిని అయితే చప్పుళ్ళకి సూత్రాలే కట్టాడు. పటత్ అనే చప్పుడు పక్కన ఇతి చేరితే పటితి అవుతుంది. ఇతి అంటే మన ‘అని’.

ఇక్కడ కాస్త ఆగు, నీకు పనికొచ్చేది ఇదే. పోపు చుయ్యిమంది, గాజులు గల్లుమన్నాయి, అద్దం భళ్ళుమంది. వీటన్నిటి లోపలా ఉన్న క్రియ ‘అను’. మన భాషలో పోపుకి నోరుంది, అది అంటుంది, మనం వింటాం. తమిళం, కన్నడం కూడా అంతే. కుటుంబాలు వేరైనా మన దేశపు భాషలు ఈ అనుకరణ మాటల దగ్గర ఎలా కలిశాయో ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1969లో ఒక వ్యాసమే రాశాడు. వస్తువే తన నోటితో చెబుతుంటే మధ్యలో నీ వ్యాఖ్యానం దేనికి? ‘పెద్ద శబ్దంతో ధడేలుమని’ అన్నావు రెండో పేజీలో. ధడేలు చిన్న శబ్దంతో ఎప్పుడైనా పడిందా?

జంట మాటలకి కాలం సాగుతుందని కూడా మర్చిపోకు. చెరువులో రాయి వేస్తే బుడుంగుమంటుంది, చెంబు ముంచితే బుడబుడమంటుంది. నువ్వు ఒక్క చినుక్కి టపటప రాశావు. అచ్చు మారితే పరిమాణమూ మారుతుంది. ఆవాలు చిటచిటలాడతాయి, వెదురు తగలబడితే చటచటమంటుంది. 1929లో సపీర్ అనే భాషాశాస్త్రవేత్త మిల్, మల్ అని రెండు ఉత్తుత్తి మాటలు చెప్పి, ఒకటి చిన్న బల్ల, ఒకటి పెద్ద బల్ల, ఏది ఏదని అడిగితే ఎక్కువమంది మల్‌నే పెద్దదన్నారు. ఇక ధ, భ లాంటి ఒత్తులంటావా, అచ్చతెలుగులో అవి అరుదు, చప్పుళ్ళ దగ్గర మాత్రం ఆ కట్టుబాటు గాలికి పోయింది. అద్దం బళ్ళున పగిలితే ఏం బాగుంటుంది చెప్పు!

అన్నిటికంటే నాకు ఇష్టమైనది, చప్పుడే లేనిచోట వాడే మాట. పిల్ల అత్తారింటికి వెళ్ళిన మర్నాడు ‘ఇల్లు బావురుమంటోంది’ అంటాం. బావురుమనడమంటే గొల్లుమని ఏడవడం. ఏడవడానికి ఇంట్లో మనుషులు లేరు, ఆ పని ఇల్లే చేస్తోంది. జపాన్‌వాళ్ళకి నిశ్శబ్దానికి షీన్ అనే మాట ఉంది, బొమ్మల కథల్లో బొమ్మ మీదే అచ్చేస్తారు. బాగానే ఉంది గానీ, మన బావురుకి సాటిరాదు. పక్షపాతమే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు నీ కథలో అసలు చోటుకొస్తాను. చాలా ఏళ్ళ కిందట మీ యార్డులోనే ఒక రైతుని చూశాను. మూట విప్పి పిడికెడు ఎండుకాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగలమంది, లోపల గింజ విడివడి దొర్లుతోంది. పక్క మూటలోంచి ఇంకో పిడికెడు తీశాడు, ఆడించాడు. కాయలు మెత్తగా ఒకదాన్నొకటి రాసుకున్నాయి గానీ పలకలేదు. ఇంకోసారి ఆడించాడు, ఈసారి కొంచెం గట్టిగా. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి మూట మూతి బిగించి కట్టేశాడు. అప్పటిదాకా గలగల నాకు గాజులది, సెలయేటిది. ఆ పూట అది ధర కట్టే మాట అయింది.

ఆరో పేజీలో నీ రైతు సరుకుకి ధర తెగ్గోసిన చోట నువ్వేం రాశావు? ‘కాయల్లో తేమ ఉన్నట్టు తేలింది’ అని, పేపర్లో వార్తలాగా. ఆయన చేతిలో కాయ పలికిందా, లేదా? నాకు అది కావాలి.

వచ్చేవారం పొద్దున్నే యార్డుకి వెళ్ళు. ముక్కుకి గుడ్డ కట్టుకో, లేకపోతే పొలమారి చస్తావు. ఆ ఆరో పేజీ ఒక్కటీ తిరగరాసి పంపు. మిగతాది ఇప్పుడే ముట్టుకోకు. కవరు మీద స్టాంపులు చాలలేదు, ఈసారి చూసి అంటించు.

ఆశీస్సులతో,
మాస్టారు