ఆర్గన్ పార్ట్ ఒక స్వరం కింద ఉండటం అచ్చుతప్పు కాదు

మీ ఇబ్బంది అర్థమైంది: జర్మనీలోని లైప్‌జిగ్‌లో స్వరకర్త బాఖ్ రాసిన కంటాటాలో (చర్చిలో గాయకులూ వాద్యాలూ కలిసి వినిపించే రచన) గాయకులకూ వయొలిన్లకూ సి మేజర్, ఆర్గన్ వాయించేవారి కాగితంలో (పార్ట్‌లో) మాత్రం బి ఫ్లాట్ మేజర్, కలిపి వాయిస్తే పొసగట్లేదు. కాపీ సరిగ్గానే ఉందండి. అక్కడి చర్చి ఆర్గన్లు కోర్‌టోన్ అనే ఎత్తైన శ్రుతిలో, అంటే ఎ స్వరం దాదాపు 465 హెర్ట్జ్‌లో ఉండేవి. మిగతా వాద్యాలు కామర్‌టోన్ అనే తక్కువ శ్రుతిలో, ఎ సుమారు 415. తేడా ఒక పూర్తి స్వరం, అంటే రెండు అర్ధస్వరాలు. ఆర్గన్ మొత్తం శ్రుతి మార్చలేరు కాబట్టి దాని పార్ట్‌నే ఒక స్వరం కిందికి రాసేవారు. పైగా 1723 నుంచి బాఖ్ అక్కడ కాంటర్, అంటే చర్చి సంగీతం చూసుకునేవాడు. ఆర్గనిస్టుది వేరే ఉద్యోగం.

మీ డిజిటల్ ఆర్గన్ 440లోనే ఉంచి, ట్రాన్స్‌పోజ్ +2 (రెండు అర్ధస్వరాలు పైకి) పెట్టి, ఉన్న పార్ట్‌నే చూసి వాయించండి. సి మేజర్‌లోకి తిరగరాసిన కాగితం వాడితే మాత్రం ట్రాన్స్‌పోజ్ సున్నాకి తేవాలి. రెండూ కలిస్తే డి మేజర్ వినిపిస్తుంది, చాలామంది పడేది ఇక్కడే!

చేత్తో తిరగరాసేటప్పుడు, ఏ స్వరాలు కలిపి వాయించాలో చెప్పే బాస్ కింది అంకెలు మారవు, వాటి పక్కన ఉండే షార్ప్, ఫ్లాట్, నాచురల్ గుర్తులు మారతాయి. బి ఫ్లాట్ మేజర్‌లో ఇ ఫ్లాట్‌ను పెంచే నాచురల్, సి మేజర్‌లో ఎఫ్ షార్ప్ అవుతుంది. అక్కడ నాచురల్ వదిలేస్తే కార్డ్ (కలిపి మోగే స్వరాలు) తప్పుతుంది. ఎ స్వరాన్ని తగ్గించే ఫ్లాట్ మాత్రం, సి మేజర్‌లో బి స్వరాన్ని తగ్గించే ఫ్లాట్‌గానే ఉంటుంది.

ఇక గాయకులు ఎంతమంది ఉండాలన్న దాని గురించి కంగారొద్దు. 1730లో నగర మండలికి ఇచ్చిన వినతిలో బాఖ్ అడిగింది ఒక్కో బృందానికి కనీసం 12 మంది, అంటే సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే ఒక్కో గాత్ర విభాగానికి ముగ్గురు.