ఎర్రకోటకి సోమవారం వెళ్ళకు

చిరంజీవి శీనుకి,

గుంటూరు బ్రాడీపేట నుంచి మీ పెద్దమామయ్య ఆశీర్వదించి రాయునది.

క్రిస్మస్ సెలవులకి అమ్మనీ పిల్లల్నీ ఢిల్లీ తీసుకెళ్తున్నావని మీ అత్తయ్య చెప్పింది. నువ్వు రాసుకున్న చీటీ కూడా చూపించింది. ఒక్కరోజులో ఎర్రకోట, ఇండియా గేటు, రాజ్‌ఘాట్, కుతుబ్ మినార్, సాయంత్రం షాపింగు. యాత్రట్రా అది, పరుగుపందెమా? ఆరోజుకి కుతుబ్ కొట్టెయ్యి. ఎర్రకోటకి ఓ పూట పూర్తిగా వదులు.

సోమవారం మాత్రం వెళ్ళకు, కోటకి సెలవు. నాకెలా తెలుసంటావా? సోషల్ మాస్టారుగా ముప్పై మంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి, సోమవారం పొద్దున్నే మూసిన గేటు ముందు నిలబడ్డవాణ్ణి. పిల్లలు అక్కడే కూర్చుని జంతికలు తిన్నారు. ఒకడు "మాస్టారూ, జెండా ఎగరేసింది ఇక్కడేనా?" అంటే, "అవున్రా, 1947 ఆగస్టు 15న" అని గొప్పగా చెప్పాను. అదీ తప్పే. ఎర్రకోట మీద నెహ్రూగారు జెండా ఎగరేసింది 16న. తిరిగొచ్చాక పుస్తకంలో చూసుకుని నాలిక కరుచుకున్నాను. నువ్వన్నా పిల్లలకి సరిగ్గా చెప్పు. లాహోరీ గేటు దగ్గర తలెత్తి జెండా చూసేటప్పుడు, 1921లో మన బెజవాడ కాంగ్రెస్ సభల్లో పింగళి వెంకయ్యగారు గాంధీగారి చేతిలో పెట్టిన జెండా సంగతి కూడా చెప్పు. పక్కూరి మాట వింటే పిల్లలకి చెవులు నిక్కబొడుచుకుంటాయి.

గేటు దాటగానే ఛత్తా చౌక్ అని కొట్ల వరస వస్తుంది. గాజులూ బొమ్మలూ చూసి పిల్లలు చెయ్యి పట్టి లాగుతారు. వెళ్ళేటప్పుడు కొనకు, వచ్చేటప్పుడు చూద్దామను. లేకపోతే ఆ సంచులన్నీ కోటంతా మోసేది మీ అమ్మే.

తిన్నగా దివాన్-ఇ-ఖాస్‌కి వెళ్ళు. పాలరాతి స్తంభాల మీద పొదిగిన పూలలో అక్కడక్కడా రాళ్ళు ఊడిపోయి గుంటలు కనిపిస్తాయి. గైడు నెమలి సింహాసనం గురించి చెప్తాడు, దాన్ని 1739లో నాదిర్షా పట్టుకుపోయాడు. నువ్వు చెప్పాల్సింది వేరే ఉంది. తాతముత్తాతలు కొలువు తీర్చిన ఆ మండపంలోనే 1858లో చివరి మొగలు పాదుషా, ముసలి బహదూర్ షా జఫర్‌ని ముద్దాయిగా నిలబెట్టి విచారించారు తెల్లవాళ్ళు. తర్వాత రంగూన్ పంపేశారు. 1862లో అక్కడే పోయాడు.

ఇక వెనక్కి తిరిగితే ఆ మొగలు కట్టడాల మధ్య పొంతన లేకుండా పొడుగాటి మేడలు కనిపిస్తాయి. 1857 తర్వాత లోపలి మహళ్ళు చాలా వరకు పడగొట్టి ఇంగ్లీషువాళ్ళు సిపాయిల కోసం కట్టుకున్న బ్యారక్‌లవి. చాలామంది వాటి వంక చూడకుండానే వెళ్ళిపోతారు. నువ్వు మాత్రం లోపలికి వెళ్ళు. 2019లో ఒకదాంట్లో నేతాజీ మ్యూజియం పెట్టారు. ఆయన కూర్చున్న చెక్క కుర్చీ, కత్తి ఉన్నాయి. అక్కడ కాసేపు కూర్చుని పిల్లలకి ఈ కథ చెప్పు: ఇక్కణ్ణుంచి రంగూన్ పంపిన జఫర్ సమాధి దగ్గరికి 1943లో బోసుగారు వెళ్ళి దండం పెట్టారు. ఆయన సైన్యం 'ఛలో ఢిల్లీ' అంటూ బయల్దేరింది ఈ కోట మీద జెండా ఎగరెయ్యాలనే. చివరికి ఆ సైన్యంలోవాళ్ళు ఇక్కడికి ఖైదీలుగా వచ్చారు. 1945 నవంబరులో షానవాజ్, సహగల్, ధిల్లాన్‌ల మీద ఈ కోటలోనే కేసు నడిపారు. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. ముగ్గుర్నీ ఒకే బోనులో నిలబెట్టేసరికి దేశమంతా భగ్గుమంది. భూలాభాయ్ దేశాయ్ వాళ్ళ తరఫున వాదించారు. నెహ్రూగారు ఎన్నో ఏళ్ళ కిందట వదిలేసిన నల్లకోటు మళ్ళీ తొడుక్కున్నారు. యావజ్జీవ ద్వీపాంతరం వేసి కూడా, జనానికి జడిసి సర్కారు వదిలిపెట్టక తప్పలేదు.

ఇండియా గేటు మన స్వాతంత్ర్యానికి కట్టింది కాదురా. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ కోసం పోయిన మన సిపాయిల పేరున కట్టారు. సాయంత్రం దీపాలు పెట్టాక పక్కనే ఉన్న యుద్ధ స్మారకంతో కలిపి చూడండి, చాలు.

పదిహేనేళ్ళ లోపు పిల్లలకి కోటలో టికెట్టు ఉండదు. పెద్దవాళ్ళకి ఫోన్లోనే ముందుగా కొనుక్కో. సెక్యూరిటీ దగ్గర సంచులన్నీ తీసి చూస్తారు కాబట్టి ఆవకాయ సీసా రూములోనే ఉంచమని మీ అమ్మకి చెప్పు, నేను చెప్తే వినదు. లాల్ ఖిలా మెట్రో స్టేషను కోటకి దగ్గరే, ఆటోవాళ్ళతో బేరాలు వద్దు. అన్నానికి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, పప్పూ పచ్చడీ దొరుకుతాయి. అక్కడి చలి మన చలి లాంటిది కాదు. పొగమంచుకి రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి, తిరుగు ప్రయాణానికి ఒకరోజు అటూఇటూగా పెట్టుకో.

లోపల నడక ఎక్కువ. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి బయటికి చెప్పుకోదు, తెలుసుగా. చెప్పులతో బయల్దేరనివ్వకు, బూట్లు కొనిపెట్టు. నా మంకీ క్యాపు మీ అత్తయ్యతో పంపిస్తున్నా. కలరా ఉండల వాసన వస్తోంది, ఓసారి ఎండలో వెయ్యండి.

ఇట్లు,
మీ పెద్దమామయ్య