‘బ్లెస్ట్ బి ద టై దట్ బైండ్స్’ పాటకు అసలు రాగం ఏది?

మీ సంఘంలో ‘బ్లెస్ట్ బి ద టై దట్ బైండ్స్’ అనే ఇంగ్లిష్ క్రైస్తవ గీతాన్ని ‘ఎ చార్జ్ టు కీప్ ఐ హ్యావ్’ అనే పాట రాగంలో పాడతారని, అమెరికాలో మీ అక్క వాళ్ల చర్చిలో వేరే రాగంలో పాడుతున్నారని, రెండింట్లో అసలుది ఏదని అడిగారు. నిజానికి రెండూ కాదండీ. పాట పుట్టేనాటికి ఆ రెండు రాగాలూ లేవు. ఇంగ్లిష్ ఆరాధనలో చాలాకాలంగా కీబోర్డు వాయిస్తున్నాను, ఈ పాటను రెండు రకాలుగానూ వాయించాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రాసింది జాన్ ఫాసెట్. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, వెయిన్స్‌గేట్ అనే కొండప్రాంతపు చిన్న బాప్టిస్టు సంఘానికి పాస్టరు. 1772లో లండన్‌లోని ఓ పెద్ద సంఘం ఆయన్ను పాస్టరుగా రమ్మని పిలిచింది. ఆయన సరేనన్నాడనీ, సామాను బండికెక్కించాక సంఘస్థులు చుట్టూ చేరి ఏడుస్తుంటే దంపతులిద్దరికీ కాళ్లాడలేదనీ, సామాను దింపించేశారనీ చెబుతారు. పాట ఆ రాత్రే రాశాడని కూడా అంటారు గానీ, అది అచ్చయింది పదేళ్ల తర్వాత, 1782లో. అందుకే ఆ రాత్రి సంగతి నేను గట్టిగా చెప్పను. ఆయన లండన్ వెళ్లకుండా ఆ ప్రాంతంలోనే చివరిదాకా ఉండిపోయిన మాట మాత్రం నిజం. అచ్చయిన ఆ పుస్తకంలో ఈ పాటకు పెట్టిన శీర్షిక ‘సహోదర ప్రేమ’.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మన తెలుగు కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైనే రాగం, తాళం రాసి ఉంటాయి. ఆ పాటకు ఆ రాగమే. ఇంగ్లిష్ హిమ్‌లలో, అంటే ఆరాధన గీతాల్లో, పద్ధతి వేరు. ఫాసెట్ కాలంలో చాలా పుస్తకాల్లో మాటలు మాత్రమే అచ్చయ్యేవి. కొలత కుదిరిన ఏ రాగంలోనైనా సంఘం పాడుకునేది. ఈ పాట కొలతను ‘షార్ట్ మీటర్’ అంటారు. ఒక్కో చరణంలో నాలుగు పాదాలు, వాటిలో వరసగా 6, 6, 8, 6 అక్షరాలు. మూడో పాదాన్ని వేళ్లమీద లెక్కపెట్టి చూడండి: ద-ఫె-లో-షిప్-ఆఫ్-కిన్-డ్రెడ్-మైండ్స్, సరిగ్గా ఎనిమిది. ఇదే కొలతలో ఉన్న రాగాల పేర్లన్నీ హిమ్నల్ (హిమ్‌ల పుస్తకం) చివర్లో ఒకచోట ఉంటాయి. వాటిలో దేన్ని పెట్టి పాడినా మాటలు అతుక్కుంటాయి.

మీ సంఘంలో పాడేది ‘బాయిల్‌స్టన్’ అనే రాగం. 1832లో అమెరికాలో అచ్చయింది, కట్టినది లోవెల్ మేసన్. ‘ఎ చార్జ్ టు కీప్’ చార్లెస్ వెస్లీ పాట. అదీ షార్ట్ మీటరే కాబట్టి రెంటికీ ఒకే రాగం సరిపోయింది. మీ అక్క వింటున్నది దాదాపు తప్పకుండా ‘డెనిస్’ అనే రాగం అయి ఉంటుంది, అమెరికాలో ఈ పాటకు బాగా స్థిరపడింది అదే. దాని మూలం స్విట్జర్లాండ్ సంగీతకర్త హాన్స్ గియోర్గ్ నేగెలిది. దాన్ని హిమ్ రాగంగా మలిచింది మళ్లీ ఆ మేసనే, 1845లో. అప్పటికి నేగెలి బతికి లేడు. పైగా మొదట ఆ రాగాన్ని అచ్చువేసింది ఈ పాటకు కాదు, ఫిలిప్ డాడ్రిడ్జ్ రాసిన మరో పాటకు.

నా అభిప్రాయం అడిగితే, వీడ్కోలు సభకు డెనిసే పాడండి. మూడు దెబ్బల లయలో, ఊయల ఊగినట్టు సాగుతుంది. ‘మన దుఃఖాలు పంచుకుంటాం, ఒకరి బరువు ఒకరం మోస్తాం’ అనే చరణం ఆ లయలో పాడుతుంటే పక్కన నిలబడ్డవాళ్ల చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది. ఒక పాస్టరు గారి బదిలీ ఆరాధనలో ఆ చరణం దగ్గర ఆల్టో (ఆడవాళ్ల కింది స్థాయి) వరసలో గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కీబోర్డు ఒక్కటే కాసేపు నడిచింది, తర్వాత వెనక బెంచీల వాళ్లు అందుకున్నారు. ప్రభువు బల్ల తర్వాత పాడాలంటే మాత్రం నాకు బాయిల్‌స్టనే ఇష్టం, అందులో ఒక నిబ్బరం ఉంటుంది.

బయటి సంఘాల వాళ్లు వచ్చే కూడికైతే రాగం పేరు ముందే చెప్పండి. లేకపోతే సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి ఎత్తుకుంటారు, వాయించేవాళ్లకు టెన్షన్. కీబోర్డు మీద ఒక పాదం పూర్తిగా వినిపించి ఆపండి. డెనిస్ ఎఫ్ శ్రుతిలో పెద్దవాళ్లకు మరీ పైకి పోతే ఇ ఫ్లాట్ శ్రుతికి దించండి. పాటలో మొత్తం ఆరు చరణాలు. చాలా పుస్తకాల్లో నాలుగే ఉంటాయి. సమాధి కార్యక్రమమైతే, దుఃఖం, శ్రమ, పాపం నుంచి విడుదలవుతామనే చివరి చరణం వెతికి తప్పకుండా పాడండి.

ఇంకొక్క మాట. ఫాసెట్ పాస్టరుగానే ఆగిపోలేదు, యువకులకు చదువు కూడా చెప్పాడు. ఆయన దగ్గర చదివిన విలియం వార్డ్ 1799లో బెంగాల్ వచ్చి, మిషనరీ విలియం కేరీతో కలిసి శ్రీరాంపూర్ ముద్రణాలయాన్ని నడిపించాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది ఆ ముద్రణాలయంలోనే. మీ క్వయర్ వాళ్లకు ఈ సంగతి చెప్పండి, చాలామందికి తెలియదు.